ఇంకా బోటు కొనని కుజ్మా బావ

మా కుజ్మా బావ పదకొండేళ్ళుగా బోటు కొంటున్నాడు. ఇంకా కొనలేదు.

ఉత్తరాన మంచు సీమలో, కుస్కోక్విమ్ నది ఒడ్డున, మా యూపిక్ తెగవాళ్ళ ఊళ్ళో బోటు లేకపోవడమంటే ఇంటికి తలుపు లేకపోవడమే. రోడ్డనేది లేదు. చేప, దుప్పి, కట్టెలు, పక్క ఊరి పెళ్ళి, అన్నీ నీటి మీదే. అలాంటి చోట యాభై దాటిన మనిషి, ఒంట్లో సత్తువ, చేతిలో తుపాకీ, ఊరందరికీ ఇవ్వగా మిగిలిన సలహాలు ఉన్న మనిషి, పదకొండేళ్ళుగా ఒక్క బోటూ నచ్చక ఎవరో ఒకరి బోటులో మూల కూర్చుని తిరుగుతున్నాడు.

నచ్చదంటే చూడకుండా నచ్చకపోవడం కాదు. పెళ్ళిచూపులకి వెళ్ళినట్టు వెళ్తాడు. ముందు బోటు చుట్టూ మూడుసార్లు తిరుగుతాడు. వేలి కణుపుతో అడుగంతా కొట్టి చెవి పెడతాడు. తర్వాత అందులో వెల్లకిలా పడుకుంటాడు.

"ఎందుకు బావా పడుకోవడం?" అని అడిగాను ఒకసారి.

"దుప్పి పడుకోవద్దా మరి? దాని తరఫున నేనే చూడాలి."

ఆ మాటలో న్యాయముంది. మా వైపు దుప్పులు ఎద్దంత ఉంటాయి, మగదానికీ మా బావకీ పొట్ట దగ్గర పెద్ద తేడా లేదు. కొమ్ములే తక్కువ.

ఒకసారి మా ఊరి ఇవాన్ కొత్త బోటులో అలా పడుకుని నిద్రపోయాడు. ఇవాన్ గమనించకుండా బోటు వదిలేశాడు. నది దాటాక బావ లేచి కూర్చుని, "కుదుపు లేదు, నిద్ర బాగా పట్టింది. కానీ నాకొద్దు," అన్నాడట. ఇవాన్ భయపడి నీళ్ళలో పడబోయాడు.

బెతెల్ పట్నంలో బోట్లమ్మే దుకాణంవాళ్ళు బావని చూస్తే కాఫీ తాగే వంకతో లోపలికి పోతారు. పోయినేడు కొత్తగా చేరిన కుర్రాడు ఒకడు పాపం దొరికిపోయాడు.

"సార్, ఈ మోటారు ఎంత వేగంగా పోతుందో తెలుసా?"

"పోవడం సంగతి తర్వాత. ఆగిపోయాక ఏం చేస్తుంది?"

"కొత్త మోటారు సార్, ఆగదు."

"అయితే నాకొద్దు నాయనా. ఆగకపోతే చేపలెలా పట్టాలి? పరిగెత్తుతూనా?"

మా దగ్గర మేనమామ బిడ్డల్నీ మేనత్త బిడ్డల్నీ ఆటపట్టించడం సరదా కాదు, బాధ్యత. ఎదుటివాడి తప్పు ఊరందరి ముందూ నవ్వుతూ ఎత్తి చూపాలి, వాడు కోపం తెచ్చుకోకూడదు. కుజ్మా మా మేనమామ కొడుకు. పైగా నాకు పంచాయతీ ఆఫీసులో ఉద్యోగం, నా బల్ల మీద రేడియో. ఇంటింటికీ అటూ ఇటూ మాట్లాడుకునే రేడియో ఉన్న ఊళ్ళో మీట నొక్కి మాట్లాడితే ప్రతి వంటింట్లోనూ వినపడుతుంది. నా బాధ్యతలో నేనెన్నడూ లోటు చెయ్యలేదు.

"అందరికీ నమస్కారం. వాతావరణం: గాలి, వాన. మా బావ సంగతి: ఇంకా కొనలేదు."

"పెద్ద మరదలా," అని వెంటనే బావ గొంతు వస్తుంది, "నిన్ను చేసుకున్నవాడు తొందరపడ్డాడు, నేను ఆ తప్పు చెయ్యను."

ఊరంతా నవ్వుతుంది. రోజు మొదలవుతుంది.

ఈ వేసవిలో మాత్రం మా చెల్లెలు మత్రోనాకి నిజంగానే బోటు అవసరం పడింది.

మత్రోనా భర్త రెండేళ్ళ కిందట జబ్బు చేసి పోయాడు. అతని బోటుని ఈ వసంతంలో నది మీద మంచు విరిగినప్పుడు గడ్డలు అప్పడంలా నలిపేశాయి. జూన్‌లో చేపలు పట్టుకోవడానికి సర్కారు మాకిచ్చింది పన్నెండు గంటలు. సముద్రంలో పెద్ద ఓడలు అక్కర్లేని చేపని చచ్చాక నీళ్ళలోకి తోసేస్తాయి, వాటికి గడియారం లేదు. మా వంతు వచ్చేసరికి గంటలు లెక్కపెడతారు. ఆ పన్నెండు గంటలూ మత్రోనా ఒడ్డున నిలబడి పక్కవాళ్ళ వలలు చూసింది. చేపలు ఎండబెట్టే దండేలు ఖాళీ. ఇక సెప్టెంబరులో దుప్పి దొరక్కపోతే ముగ్గురు ఆడపిల్లలకి చలికాలమంతా డబ్బాల్లో మాంసమే.

ఇరుగుపొరుగు పెట్టరా అంటే పెడతారు. రెండేళ్ళుగా పెట్టారు. ఆ గిన్నెలు కడిగి తిరిగిచ్చేటప్పుడు మా చెల్లి తల ఎత్తడం మానేసింది. నాకు భయం పుట్టింది అక్కడే. ముందు నదికి పోవడం మానేసింది, తర్వాత ఆవిరి స్నానాలకి రావడం మానేసింది, తర్వాత రేడియో కట్టేసింది.

బడి వంటింట్లో పనిచేసి కూడబెట్టింది బోటుకి సరిపోతుందని నేనే లెక్క చూసి, "కొనవే," అన్నాను. ఆ మాట ఎలా పొక్కిందో, కుజ్మా బావ తలుపు తోసుకుని వచ్చేశాడు.

"చిన్న మరదలా, పద బెతెల్‌కి. నేను చూసి పెడతాను."

నేను అడ్డుపడ్డాను. "బావా, నీ చేతిలో పెడితే దీని మనవరాళ్ళకి కూడా బోటు రాదు!"

ఊళ్ళో మగవాళ్ళందరిదీ ఒకటే మాట: ఇరవైనాలుగు అడుగుల బోటు, నూట పదిహేను గుర్రాల మోటారు, తిప్పడానికి చక్రం. అందరికీ అదే ఉంది, అదే తీసుకో. ముగ్గురం బెతెల్ దుకాణానికి వెళ్ళేసరికి అలాంటిది ముందే నిలబెట్టి ఉంది, పెళ్ళికొడుకులా మెరుస్తూ.

బావ అందులో పడుకోలేదు. మత్రోనాని పడుకోమన్నాడు. లేపాడు. "ఇప్పుడు తొయ్యి."

"బావా, నలుగురూ చూస్తున్నారు."

"చూడనీ. నదిలో ఎవరూ చూడరు. తొయ్యి."

తోసింది. కదల్లేదు. పక్కనున్న పద్దెనిమిది అడుగులది చూపించాడు. తోసింది. గులకరాళ్ళ మీద గర్రుమని జరిగింది. దాని నలభై గుర్రాల మోటారుని స్టార్టు చేసే తాడు లాగమన్నాడు. కుడిచేత్తో లాగించాడు, ఎడంచేత్తో లాగించాడు, కూర్చోబెట్టి లాగించాడు. చెల్లి చెమటలు కక్కింది, అంతలో ఎందుకో నవ్వింది. రెండేళ్ళ తర్వాత దాని నవ్వు విన్నాను.

ఆ కుర్రాడు ఉండబట్టలేక, "అమ్మగారికి ఇంకొంచెం పెద్దది బాగుంటుందేమో," అన్నాడు.

"పెద్దది ఇసుకమేట ఎక్కితే నువ్వొచ్చి తోస్తావా? నీ ఫోను నంబరివ్వు. పెట్రోలు కూడా నువ్వే పోస్తావా?"

కుర్రాడు కాఫీకి వెళ్ళిపోయాడు.

పదకొండేళ్ళు తనకి దొరకని బోటు, చెల్లికి అరగంటలో దొరికింది. నాకప్పుడే అనుమానం రావాల్సింది.

ఇంటికి రావడం నది మీదే. ఈ చిన్న బోటుకి చక్రం లేదు, వెనక మోటారుకున్న పిడి పట్టుకుని తిప్పాలి. వెనక మోటారు దగ్గర కూర్చోవడానికి బావ ఒప్పుకోలేదు. "నాకు పిడి పట్టి నడపడం రాదు. చక్రమైతేనే వచ్చు. నువ్వే నడుపు."

"నేనెప్పుడు నడిపాను బావా? ఆయనే కదా..."

"అయితే ఇద్దరికీ రాదు. ఇద్దరం ఇక్కడే కాపురం పెడదాం."

మత్రోనా నడిపింది. ఇసుకమేటలన్నిటినీ పేరుపేరునా పలకరించింది. ప్రతిసారీ దిగి తనే తోసింది, బావ ముందు కూర్చుని ఎండుచేప నములుతూ నా గొంతు అనుకరిస్తూ వాతావరణం చదివాడు. నేను మధ్యలో పెట్రోలు డబ్బా పట్టుకుని ఇద్దర్నీ తిట్టాను.

సెప్టెంబరు రాగానే బావ మళ్ళీ తయారు. "నీ బోటు ఒక కాలమంతా చూస్తే గానీ నాకు అలాంటిది కావాలో వద్దో తెలీదు. తీసుకెళ్ళు." ఇంటికొచ్చి అడుక్కునే మనిషిని కాదనలేక చెల్లి బయల్దేరింది.

మూడో రోజున తిరిగొచ్చింది. బోటు నిండా మాంసం, మాంసం మీద మా బావ. ఒడ్డుకి జనం పరిగెత్తారు. వాగు మొగలో మోటారు ఆపి, ఇంకో మగ దుప్పి కొమ్ములు రుద్దుతున్నట్టు పొదల మీద ఎముకతో గీకి గీకి పిలిచినా దుప్పి రాలేదట. బావ బోటు అడుగున పడుకుని గురక పెట్టాడు, ఆ గురకకి వచ్చిందట పోట్లాటకి. భర్త తుపాకీతో ఒక్క దెబ్బకే కొట్టింది మా చెల్లి.

మొదటి వేటలో ఒక్క ముక్క కూడా ఇంట్లో ఉంచుకోకూడదు, అది మా పద్ధతి. మత్రోనా ఇంటింటికీ తిరిగి ముసలివాళ్ళందరికీ పంచింది. రెండేళ్ళుగా తనకి గిన్నెలు వచ్చిన ప్రతి ఇంటికీ మాంసం మోసింది. తల ఎత్తే నడిచింది. మనిషికి ఒక్క దుప్పికే సర్కారు అనుమతి, అందుకని మర్నాడే బావ అనుమతి చీటీ మీద రెండో దుప్పికి బయల్దేరింది, అది ఇంటికి.

రెండో వేట నించి వచ్చాక బావ రేడియోలో తీర్పు చెప్పాడు: "ఈ బోటు నాకొద్దు. మోటారు చప్పుడుకి నిద్ర పట్టట్లేదు."

ఆ సాయంత్రం ఆవిరి స్నానంలో మత్రోనా నా పక్కన కూర్చుని మెల్లగా చెప్పింది. "అక్కా, పెద్ద వంపు దగ్గర గాలి లేచింది. అలలు నా ఎత్తున వచ్చాయి. నా చెయ్యి బిగుసుకుపోయింది. బావ లేచి వచ్చి పిడి తీసుకున్నాడు. ఒక్క చుక్క నీళ్ళు లోపల పడకుండా ఏటవాలుగా దాటించాడు, ఊయలలో పెట్టి ఊపినట్టు. దాటాక మళ్ళీ నా చేతికిచ్చి, 'అదృష్టం, దానంతటదే దాటింది,' అన్నాడు."

"పిడి రాదన్నాడు కదే!"

నేను ఇవాన్ ఇంటికి పోయాను. అతన్ని భార్య వదిలేసి వెళ్ళిన ఏడాదే బావ అతని బోటు చూశాడు. ఇవాన్‌ది చక్రం బోటు. "చక్రం తిప్పడం రాదన్నాడే," అన్నాడు ఇవాన్. "పిడి అయితేనే వచ్చట. నాకు బయటికి పోవాలని లేదు, కానీ ఏం చేస్తాం, రోజూ వచ్చి గుమ్మంలో కూర్చునేవాడు. వాడి కోసమని తీసుకెళ్ళాను."

నేరుగా బావ దగ్గరికి పోయాను. వల బాగుచేస్తున్నాడు.

"అబద్ధాలకోరా! నీకు చక్రం వచ్చు, పిడీ వచ్చు."

ముందు వీధిలోకి తొంగిచూశాడు. "మెల్లగా. నాకు బోటుంటే నన్నెవడు ఎక్కించుకుంటాడు? ఎక్కించుకునే పని లేకపోతే ఇవాన్ లాంటివాళ్ళు మంచం దిగరు."

నా చూపు మారిందేమో, బావ ముఖంలో నిజమైన భయం కనపడింది. "ఇదిగో, అలా చూడకు. రేపట్నించి రేడియోలో నా గురించి మంచి మాటలు మొదలుపెట్టావో, నా కొంప ముంచుతావు. మన ఊళ్ళో గోల్గా ఇంకా మిగిలే ఉన్నాడు. జూన్‌లో సర్కారు చేపల తనిఖీవాళ్ళు వల లాక్కున్నప్పట్నించి ఇంట్లోంచి రాలేదు, ఎవరితోనూ మాట్లాడలేదు. బోటు గడ్డిలో పడుంది. నది గడ్డకట్టడానికి మూడు వారాలే ఉంది."

మర్నాడు పొద్దున్నే మీట నొక్కాను.

"అందరికీ నమస్కారం. వాతావరణం: గాలి తగ్గింది. మా బావ సంగతి: ఇంకా కొనలేదు. వట్టి తిండిపోతు, వట్టి పిరికివాడు, చక్రమూ రాదు, పిడీ రాదు. ఇవాళ గోల్గా బోటు చూడబోతాడట. ఆ తుప్పు డొక్కు కూడా వీడి మొహానికి ఎక్కువే."

రేడియో గరగరమంది. తర్వాత, జూన్ నించి ఊరు వినని గొంతు, నిద్రలోంచి లేచినట్టు బొంగురుగా వచ్చింది.

"డొక్కు అన్నదెవరు? రమ్మను వాణ్ణి. ఎక్కించి చూపిస్తా."