మా శాంతిసభ పంపిన మామిడి కొమ్మ

మా మామగారికి ప్రపంచం మీద ఉన్న ప్రేమ గుమ్మం ముందు నిలబడ్డ మనిషి మీద ఉండేది కాదు. ఈ మాట ఆయన బతికుండగా అనలేకపోయాను. ఇప్పుడు అడ్డు చెప్పేవాళ్ళు లేరు గనుక అంటున్నాను.

నేను భద్రాచలం వైపు నుంచి కోడలిగా బస్తరు అంచున ఉన్న కొంటాకు వచ్చేటప్పటికి పెద్ద యుద్ధం అయిపోయింది. బస్తరు ఇంకా రాజుగారి సంస్థానమే. మాది ఉప్పు, బట్టల దుకాణం. దుకాణం వెనక గదిలో ఉప్పు బస్తాల పక్కన ఒక బల్ల, బల్ల మీద భూగోళం, గోడకు ఒక బోర్డు ఉండేవి. దేశాలన్నీ కలిసిమెలిసి బతకాలని మామగారు సొంతంగా పెట్టిన సభ అది. అధ్యక్షుడు ఆయన. ఉపాధ్యక్షురాలు మా అత్తగారు. ఆ సంగతి ఆవిడకు తెలియదు. కోశాధికారి మా ఆయన. సభ్యుడు మా చిన్నమామగారు. సభ మొదలుకాగానే ఉప్పు బస్తాకు ఆనుకుని కునుకు తీసేవారు. ఎనిమిదో తరగతి చదివాను, అక్షరాలు గుండ్రంగా రాస్తాను, కాబట్టి నన్ను కార్యదర్శిని చేశారు. మెడలో పసుపుతాడు రంగు తగ్గకముందే నా చేతికి మినిట్సు పుస్తకం వచ్చింది.

ప్రతి శుక్రవారం మధ్యాహ్నం భోజనాలయ్యాక సభ. మామగారు చెబితే నేను రాసేదాన్ని. పెద్ద పెద్ద రాజధానులకు ఉత్తరాలు పెట్టేవాళ్ళం. అవి శబరి నది వెంట దిగి, భద్రాచలం చేరి, అక్కడి నుంచి ఏ ఓడ ఎక్కేవో నాకు తెలియదు. మొత్తానికి ఒక్క జవాబు వచ్చింది, స్విట్జర్లాండు నుంచి. అచ్చు వేసిన కార్డు. మామగారు దానికి అద్దం కట్టించి దేవుడి పటాల వరుసలో పెట్టారు.

మినిట్సుకు ఆయన ఒక నియమం పెట్టారు. సభ్యులు కానివాళ్ళు ఏమన్నా పుస్తకంలోకి ఎక్కకూడదు. సభ్యులంటే మేము అయిదుగురం. అంటే మా ఇంట్లో మాటే ప్రపంచం మాట.

ఆ వేసవి చివర్లో, సంత రోజున, చుట్టుపక్కల దొర్ల గిరిజనుల ఊళ్ళన్నిటినీ పిలిచి పెద్ద శాంతిసభ జరపాలని ఆయనకు బుద్ధి పుట్టింది. ఉత్తరాలు పంపితే ఆ ఊళ్ళలో చదివేవాళ్ళు లేరు. అప్పుడు ఎవరో అడవి గార్డు చెప్పాడు, వెనకటి రోజుల్లో మామిడి కొమ్మకు ఎండు మిరపకాయలు కట్టి ఊరూరా తిప్పేవారని, కొమ్మ చేరిన ఊరు ఊరంతా కదిలి వచ్చేదని. ఊరంతా కదిలి వచ్చేది అన్నంతవరకే మామగారు విన్నారు. ఎందుకు వచ్చేదో అడగలేదు.

మా ఉప్పును కావడి మీద ఊళ్ళకు మోసే దొర్ల మనిషి ఒకాయన ఉండేవాడు. పెళ్ళాం, చంటిపిల్ల, నాలుగు మడుల చేను. కొమ్మ తిప్పే పని ఆయనకు అప్పగించారు. ఆయన గుమ్మంలో నిలబడి మిరపకాయల దండను చూశాడు.

"వద్దు సావుకారీ. ఉత్త కొమ్మ ఇయ్యి, తీస్కపోత. మిరపకాయలు వద్దు. అది లడాయి పిలుపు."

"అది పాత అర్థం. మనం కొత్త అర్థం ఇస్తున్నం. ఇక నుంచి ఇది శాంతి పిలుపు," అన్నారు మామగారు.

"నువ్ ఇస్తవ్. ఊళ్ళోల్లకు ఎట్ల తెలుస్తది?"

"నువ్వు చెప్పరాదు?"

"నే చెప్పేలోపల మిరపకాయలే చెప్తయి."

మూడోసారి కూడా వద్దన్నాడు. మామగారు విసుక్కుని, "మాకు నేర్పేదేంది? చెప్పింది చెయ్యి," అన్నారు. ఆ మనిషి కొమ్మ తీసుకుని కావడికి కట్టుకున్నాడు. మా ఉప్పు మొయ్యకపోతే ఆయనకు గడవదు. నేను కలం ఎత్తి మామగారి వైపు చూశాను. "వాడు సభ్యుడు కాదుగా," అన్నారు. అందుకని ఇలా రాశాను: అందరి సమ్మతితో కొమ్మ పంపబడినది.

సంత రోజు వచ్చింది. సంత రాలేదు. చింతపండు తెచ్చే ఆడవాళ్ళు రాలేదు, ఇప్పపువ్వు తెచ్చేవాళ్ళు రాలేదు. కొన్ని ఊళ్ళు గింజలు అడవిలో దాచుకున్నాయట. కొన్ని ఊళ్ళలో బాణాలకు పదును పెట్టారట. మేము వేసిన పందిట్లో చిన్నమామగారు ఒక్కరే కూర్చుని నిద్రపోయారు. మధ్యాహ్నానికి కబురు తెలిసింది, మా కావడి మనిషిని ఎర్రబోరు ఊరి దగ్గర పోలీసులు పట్టుకుని మా ఊరి ఠాణాలో పెట్టారని.

మర్నాడు పొద్దున ఆయన భార్య చంటిపిల్లతో వచ్చి మా అరుగు మీద కూర్చుంది. ఏడవలేదు, అరవలేదు. "మబ్బు పట్టింది. విత్తనం వెయ్యాలె," అంది. అంతే. ఆ తర్వాతి రోజూ వచ్చి అదే మాట అంది.

మామగారు వెంటనే లేచి ఠాణాకు వెళ్ళి, పంపింది నేనేనయ్యా అంటారనుకున్నాను. ఆయన అత్యవసర సమావేశం పెట్టారు. నిరపరాధుల నిర్బంధాన్ని ఖండిస్తూ తీర్మానం చేసి, ఒక ప్రతి స్విట్జర్లాండుకు పంపమన్నారు. నా ఒళ్ళు మండిపోయింది. ఠాణా మా దుకాణానికి పిలిస్తే పలికేంత దూరం. మా ఆయనతో చెబితే, "నాయన చూసుకుంటడు, నువ్వు కలగజేసుకోకు," అని తప్పుకున్నారు. ఆ ఇంట్లో అందరూ శాంతిపరులే. ఎవరికీ ఎవరితోనూ ఒక్క మాట పడే ధైర్యం లేదు.

ఆరో రోజున ఠాణేదారే కబురు పెట్టాడు, పుస్తకం తీసుకుని రమ్మని. రాసింది నేను గనుక నన్నూ రమ్మన్నాడు. మామగారు ముందు, మా ఆయన వెనక, తలమీద కొంగుతో నేను ఆ వెనక నడిచాం.

ఠాణేదారు హిందీ మనిషి. మా మీద ఆయనకు కోపం లేదు. మీరు వర్తకులు, మీకు తెలియక చేశారు, సరే అన్నాడు. వీడు దొర్లవాడు, మిరపకాయల సంగతి తెలిసే మోశాడు, మీ అమాయకత్వం అడ్డుపెట్టుకుని ఊళ్ళను రెచ్చగొట్టాడు అన్నాడు.

మూల కూర్చున్న కావడి మనిషి, "నే వద్దన్న. మూడుసార్లు వద్దన్న," అన్నాడు.

"కహాఁ లిఖా హై? ఎక్కడ రాసుంది?" అన్నాడు ఠాణేదారు.

మామగారు గొంతు సవరించుకున్నారు. "పుస్తకంలో ఉన్నదే జరిగింది సాబ్." ఆయన అబద్ధమాడుతున్నానని అనుకోలేదు. పుస్తకంలో లేనిది జరగనట్టే ఆయనకు.

అప్పుడు నాకు భయం కంటే విసుగు ముందు వచ్చింది. ఆ విసుగే లేకపోతే నోరు లేచేది కాదు. "వద్దన్నాడు. మూడుసార్లు అన్నాడు. నేను విన్నాను, రాయలేదు," అన్నాను. మామగారి ఎదుట నేను గొంతెత్తి మాట్లాడడం అదే మొదటిసారి. ఠాణేదారు కలం నా వైపు జరిపాడు. సమ్మతితో అన్న వాక్యం కింద ఆ మనిషి అన్నది అన్నట్టే రాసి సంతకం పెట్టాను. నా గుండ్రని అక్షరాల మధ్య ఆ రెండు వరుసలే వంకరగా ఉన్నాయి. సాయంత్రానికి ఆయన్ని వదిలేశారు.

మామగారు వారం రోజులు నా చేతి మంచినీళ్ళు తాగలేదు. మినిట్సు పాడుచేశానని ఆయన బాధ. కార్యదర్శిగా మాత్రం నన్ను తియ్యలేదు. అలా రాసేవాళ్ళు ఇంకొకరు దొరకరు.

వదిలిన మర్నాడు కావడి మనిషి దుకాణానికి వచ్చాడు. అప్పటికి రెండు వానలు పడ్డాయి. "నా మాట ఏడ రాసినవ్ చిన్నమ్మా, చూపియ్యి," అన్నాడు. పుస్తకం తెరిచి చూపించాను. ఆ రెండు వరుసల మీద వేలు పెట్టి చాలాసేపు చూశాడు.

"ఊళ్ళె నాతోటి ఎవ్వరు మాట్లాడ్తలేరు. లడాయి తెచ్చినోడు అంటున్నరు. నాగలికి ఎడ్లు ఇయ్యలే. చేను అట్లనే ఉంది." వేలు తియ్యకుండానే అడిగాడు, "ఇది ఆల్లకు ఎవరు చదివి చెప్తరు?"

నేను చెబుతానని అనాలి. ఆ ఊరు రెండు కోసుల దూరం. లోపలి నుంచి మామగారు దగ్గారు. నేను పుస్తకం మూశాను.

ఆ ఏడు ఆ చేను బీడుపడింది. ఆ శుక్రవారం మేము స్విట్జర్లాండుకు మళ్ళీ ఉత్తరం రాశాం. నా చేతిరాత ఎప్పటిలాగే గుండ్రంగా వచ్చింది.