గోడకాడ దిగేటోళ్లు

నేను కాలేజీలో ఆర్కిటెక్చర్ చెబుతాను. హుస్నాబాద్ దగ్గరి ఒక ఊళ్లో, బీడీలు చుట్టే ఆడవాళ్లు చల్లగా కూర్చుని పని చేసుకోవడానికి మట్టితో ఒక హాలు కట్టాలనుకున్నాం. అక్కడి ఎర్రమట్టి వానకు ఎంతవరకు ఆగుతుందో ముందు తెలియాలి. అందుకని హాలు కట్టబోయే జాగాలోనే, రోడ్డు పక్కన, మట్టిలో సున్నం, వరిగడ్డి కలిపి నిలువెత్తు గోడ ఒకటి కట్టించాను. వానాకాలం పోయాక పడగొట్టేద్దామని.

వానలు వెలిశాక విద్యార్థులను వెంటబెట్టుకుని, గడ్డపారలతో బస్సెక్కాను. ఊరు దగ్గర పడగానే కండక్టర్ అరిచాడు.

"గోడకాడ దిగేటోళ్లు ముందుకు రాండ్రి!"

దిగి చూస్తే నా గోడ నీడలో జనం కూర్చుని ఉన్నారు. గడ్డపారలు చూసి ఒక ముసలామె లేచింది.

"గవెందుకు బిడ్డా?"

"గోడ తీసేయాలి అవ్వా. నేనే కట్టించాను."

"కట్టినోళ్లే కూలగొడ్తరా? మరి బస్సు ఏడ ఆగాలె?"

ఇంతలో సర్పంచ్ వచ్చి సంగతి చెప్పాడు. "ఏండ్ల సంది అడిగినా మా ఊరికాడ బస్సు ఆపలే మేడం. మీ గోడ చూసి స్టాపనుకున్నడు డ్రైవర్. గప్పటిసంది రోజు ఆపుతుండు. మీ హాలు జర అవతల కట్టుండ్రి."

"ఇది పరీక్ష కోసం కట్టిన గోడండీ. పైన కప్పు కూడా లేదు."

"ఏస్తే ఎవ్వలొద్దన్నరు?" అంది ముసలామె. ఆమెకు ఇంకో ఇబ్బంది కూడా ఉంది. "పొద్దువాలినంక నీడ అటు దిక్కు పోతది. అటు కూసుంటే బస్సు కనవడదు. గోడను జర తిప్పరాదు?"

మా విద్యార్థిని ఒకతె నిజంగానే టేపు తీసి కొలవడం మొదలుపెట్టింది. గోడ తిరగదని ఇద్దరినీ ఒప్పించేసరికి నా తలప్రాణం తోకకొచ్చింది. చివరికి కూర్చున్నవాళ్ల కంటికి అందేట్టు గోడలో ఒక కిటికీ తొలిపించాను. ముసలామె అవతలి నుంచి తొంగి చూసి, సరేనంది.

హాలు గురించి ఒక్కరూ అడగలేదు. కొంచెం మనసుకు కష్టమనిపించింది, నవ్వూ వచ్చింది. ప్లాను మార్చి దాన్ని వెనక్కి జరిపి కట్టాం. ప్రారంభం రోజున పక్క ఊరి సర్పంచ్ హాలంతా తిరిగి చూసి, చాయ్ తాగి, నన్ను పక్కకు పిలిచాడు.

"హాలు మంచిగున్నది మేడం. మాకు గోడ చాలు."

కట్టించాను. అక్కడ బస్సు ఆగడం లేదు గానీ లారీలు ఆగుతున్నాయట. గోడను ఆనుకుని చాయ్ బండి కూడా వెలిసింది. మొన్న ఆ సర్పంచ్ ఫోన్ చేశాడు, గోడ ఇంకాస్త పొడుగు చేయమని.