మేలు జరగనివారి సాక్ష్యం

పెద్దమ్మను దవాఖాన నుంచి తెచ్చి వాకిట్లో దించకముందే చర్చి వాట్సాప్ గ్రూపులో వార్త వచ్చేసింది. ఆమె ఫొటో, కింద "ప్రభువునందు నిద్రించింది" అని, పోయినవారి గురించి చర్చివాళ్ళు రాసే మాట. చదివి నాకు ఒళ్ళు మండింది. కొడుకు కనబడకుండా పోయినప్పటి నుంచి ఆమె కంటినిండా నిద్రపోయింది లేదు. ఆ సంగతి నారాయణఖేడ్‌లో మా గల్లీ అందరికీ తెలుసు.

ఆమె మా అమ్మకు అక్క. పెదనాన్న పోయాక పత్తి చేలల్లో కూలి చేసి ఒక్కగానొక్క కొడుకును పెంచింది. అన్న మేస్త్రీ పనికి హైదరాబాద్ పోయాడు. ఓ సాయంత్రం టీ తాగొస్తానని చెప్పి వెళ్ళినవాడు తిరిగి రాలేదు. పోలీసు స్టేషన్లు, దవాఖానలు, మార్చురీలు అన్నీ తిరిగాం. ఉన్నాడన్న కబురూ లేదు, పోయాడన్న కబురూ లేదు.

మీలో చర్చికి వెళ్ళనివారికి ఒక మాట చెప్పాలి. ఆదివారం ఆరాధనలో సాక్ష్యాల సమయం అని ఒకటుంటుంది. దేవుడు చేసిన మేలును లేచి నిలబడి చెప్పాలి. జ్వరం తగ్గిందనీ, బోరులో నీళ్ళు పడ్డాయనీ, పిల్లకు సంబంధం కుదిరిందనీ చెబుతారు. మిగతావాళ్ళం "స్తోత్రం" అంటాం. పెద్దమ్మ కూడా లేచేది. తలుపు దగ్గరి గోడ పట్టుకుని నిలబడి, "ఈ వారం గూడ నా కొడుకు కబురు రాలే. దేవుడు ఏం జెప్పలే. నేనైతే వచ్చిన" అని కూర్చునేది. దానికి స్తోత్రం అనాలో వద్దో ఎవరికీ తెలిసేది కాదు.

కొన్నాళ్ళు చూసి పాస్టరు అయ్యగారు ఆమెను ఆపాడు. "సాక్ష్యమంటే మేలు జెప్పాలెనమ్మా. నువ్వు గిట్ల జెప్తే కొత్తగ వచ్చెటోళ్ళు ఏమనుకుంటరు?"

"మేలు జరిగినోళ్ళేనా సాక్షులు, అయ్యగారూ? జరగనోళ్ళం గూడ ఈడనే ఉన్నం గద" అంది పెద్దమ్మ. ఆ మరుసటి ఆదివారం మళ్ళీ లేచింది.

ఓసారి మా చర్చిలో పెట్టిన ఉజ్జీవ సభలకు బయటి నుంచి వచ్చిన బోధకుడు ఆమె తల మీద చెయ్యి పెట్టి, క్రిస్మస్ లోపు కొడుకు ఇంటికొస్తాడని ప్రవచనం చెప్పాడు. పెద్దమ్మ ఇంటికి సున్నం వేయించింది. కొడుకుకని నీలం అంగీ కొన్నది. క్రిస్మస్ వచ్చింది, పోయింది. నేను ఆ బోధకుణ్ణి నోటికొచ్చినట్టు తిడుతుంటే, "మాటిచ్చింది ఆయన, బిడ్డా. దేవుడు గాదు. దేవుడు మాటనే ఇయ్యలే" అంది. అందులో ఓదార్పు ఎక్కడుందో నాకిప్పటికీ దొరకలేదు.

నేనైతే ఆ క్రిస్మస్ తర్వాత చర్చి మానేశాను. పెద్దమ్మ ఉపదేశాలేమీ చెయ్యలేదు. ఆదివారం వచ్చి మా గడపలో నిలబడి "చెప్పులేస్కో, జల్దీ" అనేది. రానంటే తన దారిన తను పోయేది, మళ్ళీ వారం వచ్చేది. ఓరోజు విసుగొచ్చి అడిగేశాను. "అసలు దేవుడు వింటుండా, పెద్దమ్మా?"

"నాకెర్క లేదు బిడ్డా. ఆయనైతే మాట్లాడుడు బంద్ వెట్టిండు. నేను గూడ బంద్ వెడితే ఇగ మా ఇద్దరి నడుమ ఏముంటది?"

ఆ రోజు చెప్పులేసుకున్నాను. నమ్మకంతో కాదు, ఆమెను ఒంటరిగా పంపలేక.

చర్చిలో ఎప్పుడూ తలుపు దగ్గరే కూర్చునేది. బయట రోడ్డు మీద ఆటో ఆగిన చప్పుడైతే చాలు, ప్రార్థన మధ్యలోనైనా కళ్ళు తెరిచి అటు చూసేది. అయ్యగారికి అది కూడా నచ్చేది కాదు.

చివరి రోజు దవాఖాన మంచం మీద "ఎవరన్న వచ్చిండ్రా?" అని అడిగింది. అన్న వచ్చాడని అబద్ధం చెబుదామనుకున్నాను. నోరు రాలేదు, తల అడ్డంగా ఊపాను. "సరే" అంది. ఆ ఒక్క మాట నన్ను ఇంకా తినేస్తోంది. ఇన్నేళ్ళు అడిగిన మనిషికి ఒక్క జవాబు చెబితే దేవుడి సొమ్మేం పోయేది? ఇది రాస్తూ కూడా నాకు ఆశ కలగడం లేదు. అబద్ధమెందుకు చెప్పాలి?

శవపెట్టె మూసేముందు నేను ఆ నీలం అంగీ తెచ్చి ఆమె పక్కన పెట్టబోయాను. అమ్మ నా చెయ్యి పట్టుకుంది. "ఉండనియ్. వాడొస్తె ఏం తొడుక్కుంటడు?"

మొన్న ఆదివారం సాక్ష్యాల సమయంలో ఎవరూ లేవలేదు. అయ్యగారు కూడా పాట ఎత్తుకోకుండా తలుపు వైపే చూస్తున్నాడు. నేను లేచి ఆ గోడ పట్టుకున్నాను. "ఈ వారం గూడ కబురు రాలే. దేవుడు ఏం జెప్పలే" అన్నాను. "నేనైతే వచ్చిన" అన్న మాట అనబోయి ఆగాను.

అంతలో బయట రోడ్డు మీద ఆటో ఆగింది. అయ్యగారితో సహా చర్చంతా తలుపు వైపు తిరిగింది. ఎవరూ లోపలికి రాలేదు. ఆటో కల్హేర్ ఊరి వైపు వెళ్ళిపోయింది. చప్పుడు వినబడకుండా పోయాక కూడా చాలాసేపు ఎవరూ తల తిప్పుకోలేదు.