పులుపు లేని పుంటికూర

ఆ రోజుల్లో సూర్యాపేటలో పువ్వంటే జడలోకైనా పనికిరావాలి, దేవుడి పటానికైనా ఎక్కాలి. రెండింటికీ కాని పువ్వును పెంచేవాణ్ణి పనిలేనివాడనేవారు. నేను నిజంగానే పనిలేనివాణ్ణి. తాలూకా కచేరీలో ఉమేద్‌వారుగా (జీతం ఉండదు, ఉద్యోగం వస్తుందన్న ఆశే జీతం) కాగితాలు సర్ది వచ్చి, అక్క ఇంట్లో మూడు పూటలా తినేవాణ్ణి. అప్పుడప్పుడే మొలుస్తున్న మీసానికి ఆముదం రాయడం నా రెండో కొలువు.

ఒకసారి కచేరీ పని మీద మిర్యాలగూడ వెళ్తే, అక్కడొక బంగళా తోటలో గుల్‌ఖైరా చూశాను. మనిషిని మించిన ఎత్తు, కాడ పొడవునా అరచేతంత ఎర్రటి పూలు. ఒకసారి నాటితే ఏటా మళ్లీ లేస్తాయని మాలి చెప్పాడు. బిళ్లల్లాంటి విత్తనాలు ఓ పిడికెడు అడిగి జేబులో వేసుకున్నాను. ఎంత ఎత్తు పెరుగుతాయో అడిగాను గాని ఎన్నాళ్లకు పూస్తాయో అడగలేదు. సూర్యాపేట చేరేసరికి నా నోట్లో అవి తాడిచెట్టంత అయ్యాయి.

మా బావది ధాన్యం దుకాణం. ఆయన మాట ఎంత గట్టిదో మీసం అంత దట్టం. బస్తాల మీద కూర్చున్న నలుగురి ముందు నా కోతలన్నీ ఓపిగ్గా విన్నాడు. "ఉగాది లోపట అవి నీ ఎత్తు వెరిగి పూస్తె నా మీసం తీసేస్త. పూయకుంటె నీది తీస్తవా?" అన్నాడు. ఉన్న ఆస్తి అదొక్కటే అయినా సరేనన్నాను.

అప్పటికే పుష్యమాసం దాటింది. పెరటి గోడ వారగా విత్తనాలు చల్లాను. మొలిచాయి, ఆకులేశాయి, నేలను కరుచుకుని గుండ్రంగా కూర్చున్నాయి. ఎంతకీ లేవవు. ఆ జాతి మొదటి ఏడంతా ఆకులతోనే గడిపేస్తుందని నాకేం తెలుసు! పొద్దున లేస్తూనే వాటి ముందు గొంతుక్కూర్చుని కాడ కోసం వెతికేవాణ్ణి. బావ వేపపుల్ల నములుతూ నా మీసం వంకే చూసేవాడు. ఒళ్లు మండేది.

ఇంతలో త్రిపురారం నుంచి బావ తల్లి వచ్చింది. (నేనూ అత్తా అనే పిలిచేవాణ్ణి. పందెం సంగతి ఆమెకెవరూ చెప్పలేదు.) నేను మధ్యాహ్నం ఇంటికొచ్చేసరికి మొక్కలన్నీ మోళ్లయి ఉన్నాయి, ఆకులు పప్పులో ఉడుకుతున్నాయి. పుంటికూరను (మావైపు గోంగూరకు ఆ పేరే) ఇలా ముదరబెడతారా బిడ్డా అని ఆమె నన్నే మందలించింది. బావ రెండు ముద్దలు తిని, "పులుపేదే అమ్మా?" అన్నాడు.

ఉగాది ముందు రోజు మంగలి ముందు తల వంచాను. కచేరీలో కనబడ్డవాళ్లంతా ఎవరు పోయారని పరామర్శించారు. ఎవరూ పోలేదంటే దాస్తున్నానని ఇంకా జాలిపడ్డారు.

వానలు పడ్డాక కోదాడలో నాకు జీతమున్న కొలువే దొరికింది. మీసం మళ్లీ మొలిచింది, మొక్కల్ని మరిచిపోయాను. చలికాలంలో ఒకనాడు బావ బస్సు దిగి నేరుగా కచేరీకి వచ్చాడు. ముఖాన మీసం లేదు. అత్త పోయిందనుకుని కలం పడేసి లేచాను.

ఆయనే అన్నాడు, "అమ్మ మంచిగనే ఉన్నది. తల్లి బతికుండంగ మీసం తీస్తవా అని తిట్టింది గూడ. ఎండకాలమంత నీ మొక్కల మోళ్లకు బియ్యం కడిగిన నీళ్లు పోసింది, పులుపు వస్తదేమోనని. ఇప్పుడు గోడ దాటి పూసినయ్."

పందెం ఉగాదికే అయిపోయింది, ఓడింది నేను కదా బావా అన్నాను.

"మా ఇంటోళ్లే కోసుకతిని నిన్ను ఓడగొడితె గది పందెమెట్లయితది?" అని, అలవాటుగా మీసం దువ్వబోయి, చెయ్యి దించేసుకున్నాడు. నాకు నవ్వు రావాల్సింది, కళ్లలో నీళ్లొచ్చాయి.

ఇప్పటికీ చలికాలంలో మా గోడ వార గుల్‌ఖైరా పూస్తుంది. వాటి ముందు నిలబడితే నా చెయ్యి దానంతటదే పైపెదవి మీదికి పోతుంది. ఉగాదికల్లా ఆకాశం అందుకోవాలని గొంతుక్కూర్చున్న ఆ కుర్రవాణ్ణి తలుచుకుని, నెరిసిన మీసం చాటున నవ్వుకుంటాను. బావ ఆ తర్వాత ముప్పై ఏళ్లకు పైగా దట్టమైన మీసంతోనే బతికాడు. నాకు మాత్రం ఆయన ఎప్పుడు గుర్తొచ్చినా ఆ నున్నటి ముఖంతోనే గుర్తొస్తాడు.