మా కంటే ముందు బయల్దేరిన సంచీ

మా ఆయన ట్రైలర్ కొన్నారు. నన్ను అడిగి కొన్నారని మాత్రం అనుకోకండి. ఎనభైల మొదట్లో మేము షికాగో పక్కన షామ్‌బర్గ్‌లో ఉండేవాళ్ళం. ఆఫీసులో రిటైరవుతున్న పెద్దమనిషి ఒకాయన దాన్ని వదిలించుకోవాలని చూస్తుంటే, ఈయన వెళ్ళి తగిలించుకుని వచ్చారు. కారు వెనక కట్టి లాక్కుపోయే గది అది. మంచాలు చూపించారు, మడతపెట్టే బల్ల చూపించారు. నేను పొయ్యి చూశాను. ఇంట్లో ఉన్న పొయ్యి చాలదన్నట్టు చక్రాల మీద ఇంకొకటి వచ్చిందని ఒళ్ళు మండిపోయింది.

అందుకే మొదటి ప్రయాణానికే షరతు పెట్టాను. పగలంతా ఆసుపత్రి ల్యాబ్‌లో ఉద్యోగం, వచ్చాక వంట. వారం పొడుగునా అదే. "నాలుగు రోజులు నేను గరిట పట్టుకోను. మీరేం పెడితే అది తింటాను. ఒప్పుకుంటే వస్తాను, లేకపోతే మీరూ మీ అమ్మాయీ వెళ్ళి రండి" అన్నాను. వంటింట్లో నిలబడి, కాస్త గట్టిగానే అన్నాను. "ఓస్, అంతేనా! బ్రెడ్డు, జాము, మొక్కజొన్న పొత్తులు. అన్నీ నేను చూసుకుంటాగా" అన్నారాయన. పెళ్ళయ్యాక నాకంటూ నేను నోరు తెరిచి అడిగింది అదొక్కటే. అది దక్కితే చాలనుకున్నాను.

ఆ వేసవిలో మా అత్తగారు మా దగ్గరే ఉన్నారు. ఆవిణ్ణి కూడా తీసుకెళ్ళాలి, అందులో నాకేం అభ్యంతరం లేదు. కానీ రెండు రోజులు తిరక్కుండానే మా ఆయన మెల్లగా వచ్చి, "అమ్మ బ్రెడ్డు తినదోయ్. అమ్మకి కాస్త అన్నం పడేస్తే చాలు" అన్నారు.

"పడేసేదెవరు?" అన్నాను.

ఆయన బయటికి వెళ్ళి టైర్లలో గాలి చూసుకోవడం మొదలుపెట్టారు. అన్నం లేకపోతే పూట గడవదని అత్తగారు అన్నారో లేదో నేను వినలేదు. ఆవిడ తరఫున ఆయనే అనేశారు.

అన్నం ఒక్కటే వస్తుందా? అన్నానికి పప్పు, పప్పుకి పోపు, పోపుకి పోపుల డబ్బా, వీటన్నిటికీ కుక్కరు. తర్వాత ఆవకాయ, మాగాయ, చారుపొడి, కారప్పొడి, పెరుగు తోడుకి గిన్నె. పెళ్ళికి వెళ్తూ పిల్లిని చంకన పెట్టుకెళ్ళినట్టు నా వంటిల్లు మొత్తం ఆ ట్రైలర్లోకి ఎక్కింది. ఎక్కించింది నేనే, తిట్టుకుంటూ. నేను ఒక అరలో సర్దితే ఆయన వచ్చి ఇంకో అరలోకి మార్చేవారు. బరువు వెనక పడితే బండి రోడ్డు మీద తోక ఊపుతుందట, ముందు పడితే కారు కుంగుతుందట. ఆవకాయ జాడీని ఇటూ అటూ ఎన్నిసార్లు మోయించారో! "జాడీ ఒక్కదానికే బండి పల్టీ కొడుతుందా?" అంటే, "ఫిజిక్స్ నీకు తెలీదు" అన్నారు. ఊరగాయ మూత ఊడితే పరుపుల గతేమిటో ఆ ఫిజిక్స్ చెప్పలేదు.

ఇంక లైట్ల పరీక్ష. ఆయన కార్లో కూర్చుని బ్రేక్ తొక్కుతారు. నేను ట్రైలర్ వెనక నిలబడి వెలిగిందో లేదో అరిచి చెప్పాలి. "లెఫ్ట్ వెలిగిందా?" "వెలిగింది!" "నీ లెఫ్టా, నా లెఫ్టా?" ఇద్దరం ఒకే వైపు తిరిగి ఉన్నామని వీధంతా వినపడేలా చెప్పాను.

అసలే కోతి, ఆపై కల్లు తాగింది అన్నట్టు, అప్పుడు అత్తగారు పంచాంగం తీశారు. మేము వెళ్ళేది విస్కాన్సిన్‌లో ఒక లేక్ పక్కన, ట్రైలర్లు నిలుపుకునే క్యాంప్‌గ్రౌండ్‌కి. అంటే ఉత్తరం. బయల్దేరేది బుధవారం. బుధవారం ఉత్తరానికి వారశూల, ఆ దిక్కుకి ప్రయాణం పనికిరాదు. క్యాంప్‌గ్రౌండ్ వాళ్ళకి ఫోన్ చేసి వారశూల కనక రోజు మార్చండని నేను చెప్పగలనా? దానికీ ఉపాయం ఉందన్నారావిడ.

"ప్రస్థానం పెడదామే అమ్మాయ్. సోమవారం మంచిది. మన సామాను ఒకటి వేరే వాళ్ళింట్లో పెడితే, ఆ రోజే బయల్దేరినట్టు లెక్క. బుధవారం పోతూ పోతూ తీసుకుందాం. ఈలోగా అది మళ్ళీ మన గడప తొక్కకూడదు."

ట్రైలర్లో పెడితే సరిపోదా అని అడిగాను. ట్రైలర్ మన వాకిట్లోనే ఉంది కనక అది కూడా మన ఇల్లే అని తేల్చారు. ఒక నీలం సంచీ తీసి, పసుపు కొమ్ము వేసి, నాలుగు రోజులకు సరిపడా బియ్యం, కందిపప్పు, పోపుల డబ్బా అందులో సర్దారు. మా ఆయన దాన్ని ఎత్తి చూసి, "ఇది చివర్లో కారు డిక్కీలో పెడదాం, బ్యాలెన్స్ కుదురుతుంది" అని సంబరపడ్డారు. శాస్త్రమూ ఫిజిక్సూ ఒక్కటైపోయాయి, మధ్యలో నేనొక్కదాన్నే వెర్రిదాన్నయ్యాను.

మాకు ఉత్తరం పక్క ఇంట్లో ఒక అమెరికన్ పెద్దావిడ ఒంటరిగా ఉండేది. సంచీ మోసుకెళ్ళి తలుపు కొట్టాను.

"ఇది మా కంటే ముందు బయల్దేరుతుంది" అన్నాను ఇంగ్లీషులో.

"ఎక్కడికి?" అంది.

"మీ ఇంటికి."

ఆవిడ సంచీ వంక చూసి, "ఫ్రిజ్‌లో పెట్టాలా?" అని అడిగింది. అక్కర్లేదన్నాను. ఇంటికి వచ్చేసరికి మా అమ్మాయి వాళ్ళ మామ్మని పట్టుకుంది. "మామ్మా, మన రైస్ ఎందుకు ఆంటీ హౌస్‌లో స్లీప్ చేస్తుంది?" మామ్మ ఎంతో ఓపికగా చెప్పింది. నాకు ఓపిక ఎప్పుడో అయిపోయింది.

బుధవారం పొద్దున్న ట్రైలర్ని వాకిట్లోంచి రోడ్డు మీదికి లాగడం ఒక యజ్ఞమైంది. మలుపులో గుంజ మీద ఉన్న మా మెయిల్‌బాక్స్‌ని ఎక్కడ పడగొడతామో అని అందరం కిటికీల్లోంచి తలలు పెట్టి అరుస్తున్నాం. మెయిల్‌బాక్స్ బతికింది. మా ఆయన చొక్కా తడిసి ముద్దయింది. "ఇంక ఎక్కడా ఆపను" అని ఊపిరి పీల్చుకుని ముందుకి పోనిచ్చారు. అత్తగారు వెనక సీట్లో కిటికీ పక్కన కూర్చుని రోడ్డు చూస్తున్నారు.

లేక్ దగ్గరికి చేరి, బండి ఆపి, దిమ్మలు పెట్టి, అది ఒరగకుండా నిలబెట్టేసరికి మధ్యాహ్నం దాటింది. నా షరతు గురించి ఎవరూ ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. ఏడుపు దిగమింగుకుని కుక్కరు బయటికి తీశాను. గిన్నెలు తీశాను. బియ్యం కోసం డిక్కీ తెరిచాను.

సంచీ లేదు.

"మీరు తేలేదా?" "నువ్వు తేలేదా?" అని కాసేపు జరిగింది. శాస్త్రప్రకారం చూస్తే సంచీ సోమవారమే బయల్దేరింది, మేమే ఇంకా బయల్దేరలేదు. క్యాంప్‌గ్రౌండ్ కొట్లో ఐసు, బ్రెడ్డు, చేపల ఎరలు, మొక్కజొన్న పొత్తులు ఉన్నాయి. బియ్యం లేవు. రెండు జాడీల ఊరగాయ ముందు పెట్టుకుని కలుపుకోవడానికి మెతుకు లేని సంసారం మాదొక్కటే అయ్యుంటుంది. మా ఆయన ట్రైలర్ నుంచి కారు విప్పి, వెనక్కి వెళ్ళి తెస్తానన్నారు.

"బయల్దేరాక వెనక్కి తిరక్కూడదు. ఆ పొత్తులేవో కాల్చు" అన్నారు అత్తగారు.

ఆయన కాల్చారు. సగం మాడాయి, సగం పచ్చిగా ఉన్నాయి. వాటి మీద అత్తగారు ఆవకాయలో నూనె రాయించారు. అది మాత్రం బాగుంది. మా అమ్మాయి నీళ్ళ దగ్గరికి పరిగెత్తింది. అత్తగారూ నేనూ మడతకుర్చీల్లో కూర్చున్నాం. ఆవిడ చేతులు ఒళ్ళో ఖాళీగా ఉన్నాయి. వాటిని ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు కొంగు సవరించుకుంటున్నారు.

"సంచీ నాకు కనపడిందిలే అమ్మాయ్" అన్నారు.

"ఎప్పుడు అత్తయ్యా?"

"ఆవిడింటి ముందు నుంచి వస్తున్నప్పుడు. మెట్ల మీద పెట్టి ఉంచింది పాపం."

నాకు చిర్రెత్తుకొచ్చింది. "మరి చెప్పలేదేం?"

ఆవిడ నీళ్ళకేసి చూస్తూ అన్నారు.

"ఆ రోజు వంటింట్లో నువ్వు వాడితో అంటుంటే విన్నాను. నాలుగు రోజులు గరిట పట్టుకోనని. కాపరానికొచ్చిన నాటి నుంచీ నేను పొయ్యి ముట్టించని పూట లేదే. అలా అడగొచ్చని నాకు తెలీదు."

ఆవిడ ఖాళీ పొత్తు పక్కన పెట్టి, వేళ్ళకంటిన ఎర్రనూనె చూసుకున్నారు.

"వాణ్ణి ఇంకోటి కాల్చమను" అన్నారు.