'వచ్చినాడు' స్టాపు

మా ఊరి శాఖా గ్రంథాలయం గోడకు నేను అంటించిన పటాన్ని ఎవరో చించేశారు. పటం పోయినా అందులోని సంగతి పోకూడదని ఇది రాస్తున్నాను.

నేను బస్సు కండక్టరును. చదువు పదితో ఆగింది. తక్కినదంతా సెలవు రోజుల్లో ఆ గ్రంథాలయంలో కూర్చుని నేర్చుకున్నదే, అది చెప్పుకోవడానికి నాకు సిగ్గు లేదు. మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో పనిచేసే ఒకామె పది పరీక్ష రాయాలని అక్కడికే వచ్చి చదువుకునేది. ఒకరోజు, పేపరు చూడటానికి వచ్చే రిటైరైన తెలుగు మాస్టారు ఆమె వ్యాసం దిద్దారు. 'మా నాయన వచ్చినాడు' అన్న చోటల్లా ఎర్ర సున్నా చుట్టారు.

"ఇన్ని తప్పులుంటే యాడ పాసయ్యేదన్నా. నేను పరీక్షకు పోను," అని ఆమె పుస్తకాలు సంచిలో పెట్టేసింది.

నాకు ఒళ్లు మండింది. బీరువా అడుగున ఉన్న పాత వ్యాకరణం తీసి, ఇంటికి తెచ్చుకుని రెండు రోజులు చదివాను. మర్నాడు ఆమెను పిలిచి, పాత క్యాలెండరు వెనక మా బస్సు రూటు పటం గీశాను. చిత్తూరు దగ్గర పాత పుస్తకాల 'వచ్చినవాడు', తిరుపతి దగ్గర ఇప్పటి పత్రికల 'వచ్చాడు', నడుమ మా ఊరి స్టాపులో 'వచ్చినాడు'.

"సూడమ్మా. మాట చిత్తూరులో ఎక్కింది, మన ఊరి మీదుగా పోయి తిరుపతిలో దిగింది. నడుమ ఉండే ఊరు తప్పెట్లయితాది?"

మాస్టారు పేపరు దించారు. "టికెట్లు కొట్టేవాడికి వ్యాకరణం ఎందుకప్పా?"

"స్టేజీలు తెలిసినోడికే కదా సార్, ఏది యాడ ఎక్కిందో తెలిసేది."

అప్పుడే ఆయన ఫోను మోగింది. "ఆ, బయలుదేరినాను, బయలుదేరినాను," అన్నారు భార్యతో.

ఫ్యాక్టరీ ఆమె సంచిలోంచి పెన్ను తీసి, మా స్టాపు పక్కన 'బయలుదేరినాను' అని రాసింది. "సార్‌కి కూడా ఈడే సీటుండాదన్నా," అంది.

ఆమె పరీక్ష రాసింది. మార్కుల కోసం 'వచ్చాడు' అనే రాసిందట. "మా నాయన మాటను మాత్రం కొటేషన్లలో అట్లే పెట్టినా," అంది.

నేనూ ఇదంతా పత్రికల తెలుగులోనే రాశాను. అది రాక మేము ఇంకోలా మాట్లాడుతున్నామని ఎవరూ అనుకోకూడదు.

ఇంటికివ్వని పుస్తకాన్ని నన్ను నమ్మి ఇచ్చిన లైబ్రేరియన్ మేడమ్‌కు, క్యాలెండరు ఇచ్చిన టీ అంగడి భాయికి, సరైన వేళకు ఫోను చేసిన మాస్టారి భార్యకు కృతజ్ఞతలు. పటం చించినవాళ్లకు కూడా. రెండోది ఇంకా పెద్దగా గీశాను.