ఇరవయ్యో తేదీ వచ్చే నెంబరు

2022 సెప్టెంబరు. బంగారుపాళ్యం దగ్గర బెంగుళూరు హైవే పక్కనున్న ఒక మామిడి గుజ్జు ఫ్యాక్టరీకి నేను ఆ ఏడాదే మొదటిసారిగా స్టాట్యుటరీ ఆడిటర్‌ను, అంటే కంపెనీ లెక్కలు పరిశీలించి అవి నిజమో కాదో చట్టప్రకారం సంతకం చేసి చెప్పవలసిన మనిషిని. తిరుపతిలో ఆఫీసు పెట్టి అప్పటికి పంతొమ్మిదేళ్లు. మా వృత్తి గురించి అడిగే పిల్లలు లెక్కలు కష్టమా అని అడుగుతారు. భయం ఉంటుందా అని ఎవరూ అడగరు. అందుకే ఇది రాస్తున్నాను. పేర్లు మార్చాను. తేదీలు, మొత్తాలు మాత్రం నా డైరీలో ఉన్నవే.

సీజను ముగిసి ఫ్యాక్టరీ నిశ్శబ్దంగా ఉంది. గుజ్జు నింపిన ఇనుప డ్రమ్ములు గోదాములో నాలుగు వరుసల ఎత్తున నిలబడి ఉండేవి. పులిసిన తొక్కల వాసన మాత్రం ఆఫీసు గది దాకా వచ్చేది. యజమాని దామోదరం గారు మర్యాదస్తుడు. వెళ్లిన ప్రతిసారీ మజ్జిగ తెప్పించేవారు. నన్ను తిరుపతి నుంచి తీసుకురావడానికి, తిరిగి దింపడానికి కంపెనీ కారు పంపేవారు. దానిని నడిపేవాడు మునిరత్నం. నలభై అయిదేళ్ల మనిషి, పూతలపట్టు వాడు. నవ్విస్తూ బండి నడిపేవాడు.

"మీరు మా డ్రమ్ములు లెక్కబెట్టినట్లే మా ఇంటిది దినామూ నా జోబు లెక్కబెడతాది మేడమ్. మీకన్నా గెట్టిది. సంతకం గూడా పెట్టదు" అనేవాడు.

ఆ లెక్కల్లో నన్ను ఆపింది ఆర్థిక సంవత్సరపు ఆఖరి నెల, మార్చి. ఏ సంవత్సరపు అమ్మకం ఆ సంవత్సరంలోనే పడిందా అని చూడడాన్ని మేము కటాఫ్ అంటాం. మార్చి చివరి పది రోజుల్లో ఒక్క కొనుగోలుదారుకే నాలుగు కోట్ల పద్దెనిమిది లక్షల సరుకు అమ్మినట్టుంది. సెప్టెంబరు వచ్చినా రూపాయి రాలేదు. అమ్మిన డ్రమ్ములు ఫ్యాక్టరీ గోదాములోనే ఉన్నాయి. ఆ అమ్మకాన్ని తీసివేస్తే కంపెనీ లాభం నష్టమవుతుంది. నష్టం చూపితే బ్యాంకు అప్పు పరిమితిని పునరుద్ధరించదు. ఆ కొనుగోలుదారును ఇక్కడ 'ట్రేడర్స్' అని మాత్రమే అంటాను. అది ఒక్క మనిషి పేరుతో నడిచే సంస్థ. జీఎస్టీ వెబ్‌సైటులో నెంబరు కొట్టి చూస్తే యజమాని పేరు కె. మునిరత్నం అని వచ్చింది.

చిత్తూరు జిల్లాలో మునిరత్నం లేని వీధి ఉండదు. మా పాలు పోసే ఆయన మునిరత్నం. మా ఆఫీసు పైకప్పు బాగుచేసిన మేస్త్రీ మునిరత్నం. ఆ పేరు నాకు ఏమీ చెప్పలేదు.

బాకీ నిజమేనని బాకీదారు నేరుగా ఆడిటర్‌కు రాసి ఇవ్వాలి. దానిని బ్యాలెన్స్ కన్ఫర్మేషన్ అంటాం. నేను మెయిల్ పంపిన గంటలోపే ట్రేడర్స్ నుంచి అంగీకారం వచ్చింది. పెద్ద బాకీలున్నవారు అంత త్వరగా జవాబివ్వరు. పదహారో తేదీన దామోదరం గారికి స్పష్టంగా చెప్పాను. నా రిపోర్టు తేదీలోగా ఈ బాకీలో కొంతైనా వసూలయితే అమ్మకం జరిగిందనడానికి ఒక ఆధారం ఉంటుంది, లేకుంటే ఒప్పుకోలేను.

ఆయన నవ్వారు. "డబ్బే గదమ్మా. వారం లోపల అరవై లక్షలు వస్తాది. తక్కింది దీపావళికి."

ఎక్కడి నుంచి వస్తుందని నేను అడగలేదు. రాగానే బ్యాంకు స్టేట్‌మెంటులో చూసుకోవచ్చు అనుకున్నాను.

ఇరవయ్యో తేదీ, మంగళవారం. మధ్యాహ్నమే పని ముగించి బయలుదేరాను. చిత్తూరు దాటేదాకా మునిరత్నం తన కొత్త సంగతి చెబుతూనే ఉన్నాడు. రేపటితో తన దశ తిరుగుతుందట. సొంత టాక్సీ కొనుక్కోవడానికి దామోదరం సారే అప్పు ఇప్పిస్తున్నారట. చిత్తూరులో ఒక ఫైనాన్స్ ఆఫీసులో రేపు పది గంటలకు సంతకం.

"మీరు తిరుమలకు పోవాలంటే నాకే ఫోన్ సెయ్యాల మేడమ్. బాడుగ తగ్గిస్తా. ఆడిటు మాత్రం సెయ్యాకండి."

"దేని మీద ఇస్తున్నారు అప్పు?"

"మా నాయన ఇచ్చిన ఒకటిన్నర ఎకరం తోట ఉండాది గదా. రోడ్డు పక్కన. ఇల్లు గూడా దాన్లోనే. పాసు పుస్తకం ఈడే పెట్టుకున్నా" అని డ్యాష్‌బోర్డు మీద తట్టాడు.

పూతలపట్టు కూడలిలో టీకి ఆపాడు. టీ తాగి మళ్లీ బండి ఎక్కగానే అతని ఫోను రెండుసార్లు మోగింది. మొదటిది మెసేజి. రెండోది ఫ్యాక్టరీ అకౌంటెంటు గిరి. ఫోను స్పీకరులో ఉంది.

"మునిరత్నంనా, నెంబరొచ్చిందా? సెప్పు బిరీన."

మునిరత్నం ఫోను దూరంగా పట్టుకుని ఒక్కొక్క అంకె చదివాడు. ఆరు అంకెలు. గిరి తిరిగి చదివి, సరేన్నా అని పెట్టేశాడు.

నెలనెలా ఇరవయ్యో తేదీ మా వృత్తిలో ఎవరికీ గుర్తు చేయనక్కరలేని తేదీ. చాలామంది వ్యాపారులు జీఎస్టీ రిటర్ను వేయడానికి అది ఆఖరి రోజు. సొంత వ్యాపారమైతే యజమాని ఫోనుకు ఒక ఓటీపీ వస్తుంది. ఆ ఆరు అంకెలు కొడితే అది యజమాని సంతకంతో సమానం.

ఆ మాట నాకు తట్టిన క్షణంలో నేను చూస్తున్నది మునిరత్నం తల వెనుక భాగాన్ని. తొమ్మిది రోజులుగా మెడ మీది ఆ నెరిసిన జుట్టునే చూస్తూ ప్రయాణం చేశాను. నాలుగు కోట్ల పద్దెనిమిది లక్షల బాకీదారు నా ముందు సీటులో కూర్చుని గేరు మారుస్తున్నాడు.

"ఏం నెంబరది మునిరత్నం?" అన్నాను. గొంతు మామూలుగా ఉండేటట్టు చూసుకున్నాను.

"ఏమో మేడమ్. నెలకు రెండుతూర్లు వస్తాది. సదివి సెప్తే సాలు. దానికి సారు రెండు వేలు బత్తా ఇస్తాడు. నెంబరు బత్తా అంటాం మేము" అని నవ్వాడు. "పద్నాలుగు నెలలుగా తీసుకుంటాండా. ఆధారు కార్డు, పాన్ కార్డు ఒకతూరి అడిగి తీసుకున్నారు. అంతే."

అప్పుడు నాకు రెండో సంగతి అర్థమైంది. మొదటిదానికన్నా అది ఎక్కువ వణికించింది. రేపటి సంతకం టాక్సీ కోసం కాదు. దామోదరం గారు వస్తుందన్న అరవై లక్షలు అదే. ఇతని తోట తాకట్టు పెట్టి, ట్రేడర్స్ పేరిట అప్పు తీసి, ఆ డబ్బును వసూలుగా నాకు చూపిస్తారు. వసూలు కావాలని అడిగింది నేనే. నేను నియమం ప్రకారం అడిగిన ఒక్క ప్రశ్న ఈ మనిషి ఇంటి గడప దాకా వచ్చి నిలబడింది.

చెప్పవచ్చా? క్లయింటు లెక్కల్లో చూసినది బయటివారికి చెప్పకూడదు. అది మా వృత్తి నియమం. నా సంతకానికి ఉన్న విలువంతా దాని మీదే ఉంది. చెప్పకపోతే రేపు పది గంటలకు అతని తోట పోతుంది. పైగా అతను రాత్రికి ఈ కారుతో తిరిగి ఫ్యాక్టరీకే పోవాలి. నేను అన్న ప్రతి మాటా దామోదరం గారి దగ్గరికి చేరవచ్చు. అతనికి నిజంగానే ఏమీ తెలియదని నాకెలా తెలుసు? ఆ ఆలోచన కూడా వచ్చింది. రోడ్డుకు రెండు వైపులా తోటలే. మనుషులు లేరు.

చివరికి ఇలా అన్నాను. "ఆ మెసేజి నీకు వచ్చింది. నీది. చదివి అర్థం చెప్పమంటే చెబుతాను."

అతను ఫోను వెనక్కి అందించాడు. చదివాను. జీఎస్టీ నెంబరు చివరి అక్షరాలు నేను ముందు వారం నా చేత్తో కొట్టినవే. ఇంగ్లీషులో ఉన్నదాన్ని ఒక్క మాట కూడా కలపకుండా తెలుగులో చెప్పాను. "వ్యాపారం చేసే మునిరత్నం గారూ, మీ అమ్మకాల పన్ను రిటర్ను దాఖలు చేయడానికి ఇది మీ నెంబరు. దీనిని ఎవరికీ చెప్పకండి. ఇదీ ఇందులో ఉన్నది."

బండి నెమ్మదించింది. ఒక లారీ హారను కొట్టుకుంటూ దాటిపోయింది.

"యాపారమా? నేను యాపారం సేస్తాండానా మేడమ్?"

ఫోను తెర అతనికి కనిపించేలా ముందుకు పట్టుకున్నాను.

"ఎవురికీ సెప్పద్దని రాసుండాదా?"

"రాసి ఉంది."

"ప్రతిసారీ అట్లే రాసుంటాదా?"

"ప్రతిసారీ."

బండి పక్కకు తీసి ఆపాడు. "రేపు నేను పెట్టే సంతకం..." అని ఆగి, అద్దంలో నా వైపు చూశాడు. "మీకు తెలుసు గదా మేడమ్. సెప్పండి. పెట్టొచ్చా?"

"మీ కంపెనీ సంగతి నేను చెప్పకూడదు మునిరత్నం. చదవలేని కాగితం మీద సంతకం పెట్టవద్దని మాత్రం నేను మా తమ్ముడికైనా, నా దగ్గర పనిచేసేవాళ్లకైనా చెబుతాను. బయట ఒక వకీలుకు చూపించు. ఆ తరువాతే పెట్టు."

అప్పుడే ఫోను మోగింది. తెర మీద సార్ అని ఉంది. అది నా చేతిలోనే ఉంది. తిరిగి ఇచ్చాను. అతను అలవాటు కొద్దీ స్పీకరు నొక్కేశాడు. దామోదరం గారి గొంతు కారంతా నిండింది.

"యాడుండావబ్బా?"

"పూతలపట్టు దాటినా సార్."

"ఇంకా ఆడేనా? మేడమ్ ఏం సేస్తాండారు?"

అతను ఒక్కమాట అంటే చాలు. మేడమ్ మెసేజి సదివి సెప్పినారు సార్, అంటే చాలు.

"నిద్రపోతాండారు సార్."

"సరే. రేపు పది గంటలు. పాసు పుస్తకం మర్చిపోవాకు."

"అట్లే సార్."

ఫోను పెట్టి, డ్యాష్‌బోర్డు తెరిచి, పాసు పుస్తకం తీసి చొక్కా లోపల పెట్టుకుని గుండీ వేసుకున్నాడు. తిరుపతిలో దిగుతున్నప్పుడు నాకు నమస్కారం పెట్టాడు. ముందెప్పుడూ పెట్టలేదు.

మరునాడు ఉదయం మా ఆఫీసు దగ్గరికి ఇంకొక డ్రైవరు వచ్చాడు. అతని కారు ఎక్కకుండా బస్సులో వెళ్లాను. దామోదరం గారు మజ్జిగ తెప్పించారు.

"మునిరత్నం పొద్దున్నుంచి అగపడలేదమ్మా. రాత్రి కారు గేటుకాడ పెట్టి, తాళాలు వాచ్‌మన్‌కిచ్చి పోయినాడంట. దోవలో మీతో ఏమన్నా సెప్పినాడా?"

"సొంత టాక్సీ కొంటానని చెప్పాడు" అన్నాను. అది నిజమే.

"మీరేమన్నారు?"

"మీ లెక్కల గురించి మీ డ్రైవరుతో నేను మాట్లాడను దామోదరం గారూ. మీతోనే మాట్లాడతాను. ట్రేడర్స్ అమ్మకాన్ని నేను ఒప్పుకోవడం లేదు. ఇప్పుడు వసూలు వచ్చినా ఒప్పుకోను. ఆ యజమాని ఎవరో నాకు తెలుసు."

ఆయన ముఖంలో ఏ మార్పూ లేదు. నా గ్లాసు వైపు చూసి, "తాగండమ్మా, పుల్లగైపోతాది" అన్నారు. గ్లాసు నా వైపు జరిపి, "మీ ఇల్లు రైలు గేటుకు ఇవతలా, అవతలా? మునిరత్నానికైతే తెలుసు. కొత్త డ్రైవరుకు సెప్పాల గదా" అన్నారు.

అందులో తప్పుపట్టదగిన మాట ఒక్కటీ లేదు. ఈ రోజుకూ మజ్జిగ గ్లాసు చూస్తే నాకు ఆ మాటే వినబడుతుంది.

నెలాఖరులోగా ప్రతికూల అభిప్రాయంతో రిపోర్టు ఇచ్చాను. ఈ లెక్కలు కంపెనీ నిజస్థితిని చూపడం లేదని ఆడిటర్ చెప్పడమే ప్రతికూల అభిప్రాయం. మోసం కోటి దాటితే ముందు బోర్డుకు రాసి, జవాబుకు నలభై అయిదు రోజులు గడువిచ్చి, ఆపై కేంద్ర ప్రభుత్వానికి తెలియజేయాలి. రాశాను. ఆ గడువంతా ఆఫీసు కింద తెల్ల కారు ఆగితే కిటికీ దగ్గరికి వెళ్లకుండా కుర్చీలోనే ఉండిపోయేదాన్ని. మునిరత్నానికి ఎప్పుడు ఫోను చేసినా స్విచ్చాఫ్. అతనికి ఏదైనా జరిగి ఉంటే దానికి నేను చదివిన ఆ మూడు వాక్యాలే కారణమని డైరీలో రాసుకున్నాను.

అక్టోబరులో ఒక మధ్యాహ్నం అతనే ఆఫీసుకు వచ్చాడు, చెప్పులు బయట విడిచి. అన్ని రోజులూ నగరిలో బావమరిది మరమగ్గాల షెడ్డులో ఉన్నాడట. సంతకం పెట్టలేదు. తోట నిలిచింది. కానీ పద్నాలుగు నెలల రిటర్నులు అతని పేరిట వేసి ఉన్నాయి. వాటిని ఎవరూ వెనక్కి తీసుకోలేరు. పన్ను శాఖ నోటీసులు ఇప్పటికీ అతని పేరుకే వస్తాయి. కంపెనీ ఆడిటర్‌గా ఆ కేసు నేను పట్టుకోకూడదు కనుక ఒక వకీలు దగ్గరికి పంపాను. ఫ్యాక్టరీకి బ్యాంకు తాళం వేసింది. నాకు ఇంకా ఫీజు రాలేదు. అడగలేదు కూడా.

ఆ తరువాత నా పద్ధతి ఒకటి మారింది. అతి పెద్ద బాకీదారును నేను ఎదురుగా చూడకుండా సంతకం పెట్టను. కాగితం మీద బాకీదారు అంటే ఒక మొత్తం. ఆ మొత్తం వెనుక ఒక మనిషి ఉంటాడు. ఆ మనిషికి తాను అక్కడ ఉన్న సంగతి తెలుసా లేదా అని అడగడం ఆడిట్‌లో భాగమని ఏ పాఠ్యపుస్తకమూ నాకు చెప్పలేదు.

మునిరత్నం ఇప్పుడు తిరుపతిలో బాడుగ కారు నడుపుతున్నాడు. పోయిన నెల నన్ను చంద్రగిరి తీసుకువెళుతుండగా అతని ఫోను ఒక్కసారి మోగింది. వెంటనే బండి పక్కకు ఆపి, తెర వైపు చూడకుండానే ఫోను వెనక్కి అందించాడు.

"సదవండి మేడమ్."

చదివాను. "ఏమీ లేదు మునిరత్నం. బట్టల షాపు వాళ్లది. తగ్గింపు ధరలట."

"ఇంగొకతూరి సూడండి" అన్నాడు.

నేను మళ్లీ మొదటి నుంచి చదివాను.